ఫిజీలో తెలుగువారు

ఫిజీ దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలోని ఒక ద్వీప దేశం. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవు నుండి చెరకు తోటల పనికి ఓడలలో వెళ్ళిన దక్షిణ భారతీయ కూలీలలో తెలుగువారు కూడా ఉన్నారు. వారి సంతతివారు నేటికీ ఆ దేశంలో నివసిస్తున్నారు. నాయుడు, రెడ్డి, రావు వంటి పేర్లు అక్కడ సర్వసాధారణం. అయితే వీరి ఇళ్ళలో తెలుగు మాట్లాడటం చాలావరకు నిలిచిపోయింది. ఫిజీ మూలవాసుల భాషలలో కొన్ని కూడా ఇటువంటి ప్రమాదాన్నే ఎదుర్కొంటున్నాయి. ఈ వ్యాసంలో ఫిజీ తెలుగువారి చరిత్ర, అక్కడి భాషల స్థితి, స్థానిక సినిమా, యాత్రా విశేషాలు వివరించబడినవి.

భౌగోళిక స్వరూపం

ఫిజీలో 300కు పైగా దీవులు ఉన్నాయి. వీటిలో సుమారు మూడవ వంతు దీవులలో మాత్రమే జనావాసం ఉంది. వీతి లేవు, వనువా లేవు అన్నవి పెద్ద దీవులు. రాజధాని సువా నగరం వీతి లేవు దీవిలో ఉంది. 1874లో బ్రిటిష్ పాలన క్రిందికి వచ్చిన ఈ దేశం 1970 అక్టోబరు 10న స్వాతంత్ర్యం పొందింది. 2017 జనాభా లెక్కల ప్రకారం ఫిజీ జనాభా 8,84,887.

ఊర్ల పేర్ల ఉచ్చారణ

ఫిజీ ఊర్ల పేర్లను ఆంగ్ల అక్షరాలలో చూసి చదివితే తప్పు పలుకుతాము. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఫిజీ భాషకు రోమను లిపిని కూర్చినప్పుడు ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క అక్షరం చొప్పున కేటాయించారు. అక్కడ ‘డి’ అక్షరాన్ని ముందు సున్న ఉన్నట్లుగా ‘ంద’ అని, ‘బి’ అక్షరాన్ని ‘ంబ’ అని, ‘క్యూ’ అక్షరాన్ని ‘ంగ’ అని పలకాలి. అందువలన అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్న ఊరు వ్రాతలో ‘నాది’ వలె కనిపించినా పలకడంలో ‘నంది’ అవుతుంది. అట్లే ‘లబాసా’ను ‘లంబాసా’ అంటారు. ‘సి’ అక్షరానికి ఆంగ్లంలోని ‘దిస్’ అన్న పదపు మొదటి ధ్వని ఉంటుంది. సున్నను ఎరిగిన తెలుగువారికి ఈ పేర్లు పలకడం ఏమంత కష్టం కాదు.

వలస చరిత్ర

గిర్మిట్

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన తరువాత తోటల యజమానులకు కూలీల కొరత ఏర్పడింది. దానిని తీర్చడానికి భారతదేశం నుండి ఒప్పందపు కూలీలను తరలించే పద్ధతి మొదలయింది. ఫిజీకి ఇటువంటి కూలీలతో వచ్చిన మొదటి ఓడ ‘లియోనిడాస్’. ఇది కలకత్తా నుండి బయలుదేరి 1879 మే 14న ఫిజీ చేరింది. ఒప్పంద పత్రాన్ని ఆంగ్లంలో ‘అగ్రిమెంట్’ అంటారు. ఆ మాట కూలీల నోట ‘గిర్మిట్’గా మారింది. ఆ పత్రంపై వేలిముద్ర వేసి వచ్చినవారు ‘గిర్మిటియాలు’ అయ్యారు. 1916 వరకు మొత్తం 60 వేలకు పైగా కూలీలు ఫిజీ చేరారు.

ఒప్పందం అయిదేళ్ళది. పురుషునికి రోజుకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలి. పదేళ్ళు అక్కడ ఉన్నవారికి తిరుగు ప్రయాణం ఉచితం. కాని తోటలలో పనిని కొలతలతో అప్పగించేవారు. ఆ కొలత పూర్తి కానిదే నిండు కూలి చేతికి వచ్చేది కాదు.

మద్రాసు ఓడలు

మొదటి 24 సంవత్సరాలు కూలీలు కలకత్తా రేవు నుండి మాత్రమే వెళ్ళారు. మద్రాసు నుండి మొదటి ఓడ ‘ఎల్బ్’ 1903లో ఫిజీ చేరింది. లౌటోకాలో పెద్ద చక్కెర మిల్లు ప్రారంభమైనది కూడా ఆ సంవత్సరమే. అప్పటి నుండి 1916 వరకు వచ్చిన దక్షిణాది కూలీలు మొత్తం గిర్మిటియాలలో సుమారు నాల్గవ వంతు. ఉత్తర ఆర్కాటు, మద్రాసు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం, తంజావూరు, మలబారు జిల్లాల నుండి వీరిని చేర్చుకున్నారు. నాటి ఉత్తర ఆర్కాటులో నేటి చిత్తూరు ప్రాంతం కూడా ఉండేది. చిత్తూరు 1911లో ప్రత్యేక జిల్లా అయింది.

తెరచాప ఓడలకు ఫిజీ చేరడానికి రెండు నెలలకు పైగా పట్టేది. దక్షిణాది వారు వెళ్ళే నాటికి ఆవిరి ఓడలు రావడంతో ప్రయాణం సుమారు నెల రోజులకు తగ్గింది. చేరినవారిని మొదట సువా సమీపంలోని నుకులావు దీవిలో వైద్య పరీక్షల కోసం ఉంచి, ఆ తరువాత తోటలకు పంపేవారు. తోటలలో ‘లైన్లు’ అనబడే వరుస గదులు ఉండేవి. ఒక్కొక్క గది పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. పెళ్ళికాని పురుషులను ఒక గదిలో ముగ్గురి చొప్పున ఉంచేవారు. చెరకు పరిశ్రమ చాలావరకు ఆస్ట్రేలియాకు చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ చేతిలో ఉండేది.

భారతదేశంలో నిరసనలు పెరగడంతో 1916లో కూలీల తరలింపు ఆగిపోయింది. మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి. కొందరు స్వదేశానికి తిరిగి వచ్చారు. ఎక్కువమంది కౌలు భూములలో చెరకు పండించుకుంటూ అక్కడే స్థిరపడ్డారు.

సంఘాలు, విద్య

దక్షిణ భారతీయులు 1926లో నందిలో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘాన్ని స్థాపించారు. దీని స్థాపకుడు సాధు కుప్పుస్వామి. ఈ సంఘం దక్షిణాది భాషల బోధన కోసం, ఆలయాల నిర్వహణ కోసం పాటుపడింది. సంఘం కోరిక మేరకు రామకృష్ణ మఠం నుండి 1937లో స్వామి అవినాశానంద, 1939లో స్వామి రుద్రానంద ఫిజీ వచ్చారు. సంఘం నేటికీ అనేక పాఠశాలలను నడుపుతున్నది. ప్రతి సంవత్సరం ఈస్టరు సెలవులలో జరిగే సంఘ మహాసభలకు, ఆటల పోటీలకు విదేశాలలో స్థిరపడినవారు కూడా వస్తారు.

ఐక్య సంఘంలో తమిళులు అధిక సంఖ్యాకులు. తమ భాషకు ప్రత్యేకంగా ఒక వేదిక ఉండాలని భావించి తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘాన్ని ఏర్పరచుకున్నారు. తెలుగు భాషను, సంస్కృతిని కాపాడుకోవడం దీని ఆశయం. ఈ సంఘం కూడా పాఠశాలలను నెలకొల్పింది. ఉగాది, శ్రీరామనవమి ఉత్సవాలు, భజనలు దీని ఆధ్వర్యంలో జరుగుతాయి.

తెలుగు వాడుక తగ్గడానికి కారణాలు

ఫిజీ తెలుగువారు తమ భాషను తేలికగా వదులుకున్నవారు కారు. వారి పరిస్థితులే భాషకు ప్రతికూలంగా ఉన్నాయి. ముఖ్య కారణాలు:

* ఆలస్యంగా చేరడం: తెలుగువారు వెళ్ళేసరికి తోటలలో అవధీ, భోజ్‌పురీ మాండలికాల కలయికతో ఒక ఉమ్మడి హిందీ స్థిరపడి ఉంది. పని చేయించే మేస్త్రీలు, తోటి కూలీలు దానినే మాట్లాడేవారు.
* తక్కువ సంఖ్య: నాల్గవ వంతు ఉన్న దక్షిణాది వారిలోనే తమిళం, తెలుగు, మలయాళం మాట్లాడేవారు కలిసి ఉన్నారు. అందరినీ కలిపి ‘మద్రాసీలు’ అని పిలిచేవారు.
* స్త్రీల కొరత: ప్రతి వందమంది పురుషులకు నలభైమంది స్త్రీలు ఉండాలన్నది ప్రభుత్వ నియమం. ఆ కారణంగా భాషాంతర వివాహాలు జరిగాయి. భార్యాభర్తల మాతృభాషలు వేరైన ఇంట్లో పిల్లలకు ఉమ్మడి హిందీయే మాతృభాష అయింది.
* పాఠశాల: ఎక్కువ పాఠశాలలలో భారతీయ భాషగా హిందీని, పై తరగతులలో ఆంగ్లాన్ని బోధించారు. తెలుగు ఉపాధ్యాయులు, పుస్తకాలు కొరతగానే ఉండేవి.
* వలసలు: 1987, 2000 సంవత్సరాలలో జరిగిన సైనిక, రాజకీయ తిరుగుబాట్ల తరువాత భారత సంతతివారు పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడా, అమెరికా దేశాలకు తరలిపోయారు. 2007 జనాభా లెక్కల నాటికి వారి వాటా 37.5 శాతానికి తగ్గింది.

మారిషస్ తెలుగువారి పరిస్థితి ఇంతకంటే కొంత మెరుగు. అక్కడ ఉగాది జాతీయ సెలవుదినం. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఆ దేశంలోనే జరిగాయి. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు బోధన జరుగుతున్నది.

ఫిజీ హిందీ

తెలుగువారి మనుమలకు మాతృభాషగా మారిన ఈ ఉమ్మడి భాషను నేడు ఫిజీ హిందీ అంటారు. ఇది భారతదేశంలోని ప్రామాణిక హిందీకి భిన్నమైనది. ఇందులో ఆంగ్ల పదాలతో పాటు ఫిజీ మూలవాసుల పదాలు కూడా చేరాయి. ఉదాహరణకు కావా పానీయాన్ని మూలవాసులు ‘యంగోనా’ అంటే ఫిజీ హిందీలో ‘నంగోనా’ అంటారు. దక్షిణ భారత మూలాలు గల రచయిత సుబ్రమణి 2001లో వెలువరించిన ‘డౌకా పురాన్’ ఫిజీ హిందీలో పేరెన్నికగన్న నవల.

2013 రాజ్యాంగం ప్రాథమిక పాఠశాలలన్నింటిలో వ్యవహారిక ఇతౌకేయి, ఫిజీ హిందీ భాషలను తప్పనిసరి పాఠ్యాంశాలుగా నిర్ణయించింది. తెలుగు, తమిళ భాషలకు ఈ హోదా లేదు.

మూలవాసుల భాషలు

ఇతౌకేయి: ఫిజీ మూలవాసులను, వారి భాషను ఇతౌకేయి అని వ్యవహరిస్తారు. ఈ భాషలో తూర్పు, పడమటి శాఖలు ఉన్నాయి. ఊరూరికీ మారే వాడుక రూపాలు సుమారు 300 ఉన్నట్లు భాషావేత్తలు గుర్తించారు. 1835లో లకెంబా దీవికి వచ్చిన మిషనరీలు బైబిలు అనువాదానికి మాండలికాలలో ఒకదానిని ఎన్నుకోవలసి వచ్చింది. చివరకు అధికార కేంద్రమైన బావు దీవి భాషను ఎంచుకున్నారు. అదే ప్రామాణిక భాష అయింది. దీనివలన ఆ భాషకు లిపి, పుస్తకాలు, బడి లభించాయి. పడమటి మాండలికాలకు ఈ అవకాశం దక్కలేదు.

రొటుమా భాష: ప్రధాన దీవులకు ఉత్తరాన సుమారు 500 కిలోమీటర్ల దూరాన రొటుమా దీవి ఉంది. 1881 నుండి ఇది ఫిజీలో భాగం. 2017 నాటికి ఆ దీవిలో నివసించేవారు రెండు వేల లోపే. మిగిలిన రొటుమా ప్రజలు చదువుల కోసం, ఉద్యోగాల కోసం సువాకు, విదేశాలకు వెళ్ళారు. ఈ భాషలో పదానికి రెండు రూపాలు ఉండటం ఒక వింత. పువ్వును ‘హోసా’ అనీ, వాక్యంలోని స్థానాన్ని బట్టి చివరి ధ్వనులు తారుమారై ‘హోఅస్’ అనీ అంటారు. యునెస్కో ఈ భాషను ప్రమాదంలో ఉన్న భాషల పట్టికలో చేర్చింది. న్యూజీలాండ్‌లోని రొటుమా ప్రజలు ఏటా భాషా వారోత్సవం జరుపుకుంటారు.

ఇతర భాషలు: ఫాస్ఫేటు గనుల వలన పాడైన బనాబా దీవి వాసులను 1945లో రంబి దీవికి తరలించారు. వీరిది గిల్బర్టీస్ భాష. తువాలు దేశపు వైతుపు దీవి నుండి 1947లో కొందరు కియోవా దీవికి వచ్చి స్థిరపడ్డారు.

స్థానిక సినిమా

ఫిజీ అందాలను ప్రపంచానికి చూపినవి ఎక్కువగా విదేశీ చిత్రాలే. 1980 నాటి ‘ది బ్లూ లగూన్’, 2000 నాటి ‘కాస్ట్ అవే’ చిత్రాలను ఇక్కడి దీవులలో చిత్రీకరించారు. వీటిలో దీవులే తప్ప దీవులవారి భాష వినపడదు.

ఈ లోటును తీర్చిన చిత్రం ‘ది లాండ్ హాజ్ ఐస్’ (2004). దీనికి రచన, దర్శకత్వం రొటుమాకు చెందిన విల్సోని హెరెనికో. దొంగగా శిక్షపడిన తండ్రి కారణంగా ఊరివారి ఎగతాళికి గురైన విక్కీ అనే బాలిక, తన జాతి పురాణగాథలోని వీరవనిత నుండి ధైర్యం పొందడం ఇందులోని కథ. సంభాషణలు రొటుమా భాషలోను, ఆంగ్లంలోను ఉన్నాయి. ఈ చిత్రం సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రదర్శించబడింది. ఆస్కారు విదేశీ భాషా చిత్ర విభాగానికి ఫిజీ తరపున పంపబడింది. కొద్ది వేలమంది మాట్లాడే భాష వెండితెరపై వినిపించడం ఆ ప్రజలకు ఒక చారిత్రక సంఘటన.

ఫిజీ హిందీలో విమల్ రెడ్డి ‘అధూరా సప్నా’ (2007), ‘హైవే టు సువా’ (2013) చిత్రాలను తీశారు. తెలుగు ఇంటిపేరుగల దర్శకుడు ఫిజీ హిందీలో చిత్రాలు తీయడం అక్కడి భాషా చరిత్రకు అద్దం పడుతుంది. పొరుగు దేశమైన వనువాటులో ఒక తెగవారి భాషలోనే వారినే నటులుగా తీసుకుని నిర్మించిన ‘తన్నా’ (2015) చిత్రం ఆస్ట్రేలియా తరపున ఆస్కారు పోటీకి వెళ్ళి తుది జాబితాలో నిలిచింది.

యాత్రా విశేషాలు

* శ్రీ శివ సుబ్రహ్మణ్య స్వామి ఆలయం, నంది: ద్రావిడ శిల్పరీతిలో పునర్నిర్మించిన ఈ ఆలయం 1994లో ప్రారంభమయింది.
* నిప్పులు తొక్కడం: సువాలోని మారియమ్మ ఆలయంలో దక్షిణాది భక్తులు దీక్ష పూని నిప్పులపై నడుస్తారు. బెంగా దీవిలోని మూలవాసులకు కాలిన రాళ్ళపై నడిచే ప్రాచీన ఆచారం ఉంది. సంబంధం లేని రెండు జాతులలో ఒకే విధమైన ఆచారం ఉండటం విశేషం.
* సువాలోని ఫిజీ మ్యూజియం: మూలవాసుల పడవలు, పనిముట్లతో పాటు గిర్మిట్ కాలపు వస్తువులు ఇక్కడ భద్రపరచబడినవి.

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీని నేడు విదేశయానం కోరేవారు ‘వీసా బాలాజీ’గా కొలుస్తారు. చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాల నుండి విదేశాలకు వెళ్ళే నేటి విద్యార్థికి తాను చేరబోయే ఊరు ఏదో ముందే తెలుసు. ఇంటికి రోజూ మాట్లాడగలడు. నూరేళ్ళ క్రితం ఓడ ఎక్కిన కూలీలలో అనేకులకు ఫిజీ ఎక్కడ ఉన్నదో తెలియదు.

మూలాల అన్వేషణ

ప్రతి గిర్మిటియాకు ఒక ‘ఎమిగ్రేషన్ పాసు’ ఉండేది. దానిలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, శరీరంపై గుర్తులు వ్రాసేవారు. ఈ పత్రాలు సువాలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఫిజీ, గయానా, సురినాం, ట్రినిడాడ్ దేశాలలోని ఒప్పంద కూలీల పత్రాలను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. తెలుగు పేర్లను, ఊర్లను విన్నది విన్నట్లు ఆంగ్లంలో వ్రాయడంతో అక్షరాలు తారుమారయ్యాయి. తెలుగు చదవలేని మునిమనుమలకు ఆ ఊరు ఏదో పోల్చుకోవడం కష్టమవుతున్నది. జిల్లాల గ్రామనామాలు తెలిసిన తెలుగువారు ఈ విషయంలో వారికి ఎంతో సహాయపడగలరు.

ప్రస్తుత పరిస్థితి

2023లో ఫిజీ ప్రభుత్వం గిర్మిట్ దినాన్ని జాతీయ సెలవుదినంగా పాటించింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో పన్నెండవ ప్రపంచ హిందీ మహాసభలు నందిలో జరిగాయి. తెలుగు మాత్రం అక్కడ భజనలలో, పెళ్ళి తంతులలో, ఇంటిపేర్లలో మిగిలి ఉన్నది. రొటుమా ప్రజలకు తమ దీవి ఒక ఆధారం. ఫిజీ తెలుగువారికి అటువంటి సొంత నేల లేదు. కనుక అక్కడ తెలుగు నిలవాలంటే ఆంధ్ర సంఘం వంటి సంస్థలు, వాటికి తెలుగు రాష్ట్రాల నుండి అందే ఉపాధ్యాయులు, పుస్తకాలే ఆధారం.

ఇవి కూడా చూడండి

* మారిషస్‌లో తెలుగువారు
* ప్రపంచ తెలుగు మహాసభలు
* చిలుకూరు బాలాజీ దేవాలయం
* అంతరించిపోతున్న భాషలు