పాటకు గీసిన గీత: డిఫోర్డ్ బెయిలీ కథ



ఇది శిష్ట సాహిత్యం, అది జానపదం అని మన సిలబస్ గీత గీస్తుంది. నేను ఏటా క్లాసులో ఆ గీత దగ్గర ఆగి, ఇది ఎవరు గీశారని పిల్లల్ని అడుగుతాను. ఈ వారం అమెరికా సంగీతంలో అలాంటి గీత గురించి.

1920లో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని పాడిన ‘క్రేజీ బ్లూస్’ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లవాళ్లు కూడా డబ్బు పెట్టి రికార్డులు కొంటారని కంపెనీలకు అప్పుడు తెలిసొచ్చింది. వాళ్లకోసం విడిగా జాబితాలు అచ్చేశారు. పేరు ‘రేస్ రికార్డ్స్’. దక్షిణాది తెల్ల గ్రామీణుల పాటలకు ఇంకో జాబితా పెట్టి ‘హిల్‌బిల్లీ’ అన్నారు. దాన్నే తర్వాత కంట్రీ సంగీతం అన్నారు.

ఊళ్లలో మాత్రం పాట అలా విడిపోయి లేదు. కంట్రీకి గుర్తుగా చెప్పే బాంజో, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల చేతుల్లో పుట్టిన వాయిద్యం. 1930లో తెల్ల గాయకుడు జిమ్మీ రోజర్స్ రికార్డు ఒకదానిలో ట్రంపెట్ ఊదింది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. లేబుల్ మీద ఆయన పేరు లేదు.

ఆ గీతకు అవతల నిలబడ్డ నల్ల కళాకారుడు డిఫోర్డ్ బెయిలీ. 1899లో టెనెసీలో పుట్టాడు. చిన్నప్పుడే పోలియో. మౌతార్గాన్ మీద రైలు వస్తున్నట్టే వినిపించేవాడు. 1927 డిసెంబరులో నాష్‌విల్ రేడియోలో ఆయన రైలు పాట వాయించిన రాత్రే, నిర్వాహకుడు జార్జ్ హే ఆ కార్యక్రమానికి ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అని పేరు పెట్టాడు. కంట్రీ సంగీతానికి అతి పెద్ద వేదిక అదే. దాని తొలి తారల్లో ఒకడు నల్లవాడు. రేడియోలో రంగు కనపడదు కదా. ఊరూరా కచేరీలకు వెళ్తే మాత్రం, తోటివాళ్లు దిగిన హోటల్లో ఆయనకు గది ఇచ్చేవారు కాదు.

1941లో ఆయన్ని తీసేశారు. పాటల హక్కుల తగాదా వల్ల ఆయన పాత పాటలు ప్రసారం చేయకూడదు, కొత్తవి నేర్చుకోలేదు అన్నది చెప్పిన కారణం. పాతవే వాయించమని తనకు చెప్పింది వాళ్లేనని బెయిలీ మాట. 1945లో రాసిన పుస్తకంలో హే ఆయన్ని ‘మస్కట్’ అన్నాడు, జాతి ప్రస్తావన తెచ్చి మరీ సోమరి అన్నాడు. ఈ మాట మనకు కొత్త కాదు. పని తీసేసుకున్నవాడే పని చేతకాదని రాస్తాడు, అదే చరిత్రగా అచ్చవుతుంది.

తర్వాత బెయిలీ నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసే షాపుతో బతికాడు. 1982లో చనిపోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటిచ్చింది 2005లో.

‘రేస్’ అన్న మాటను బిల్‌బోర్డ్ పత్రిక 1949లో తీసేసి, ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని పెట్టింది. పేరు మారింది, గది మారలేదు. కంట్రీ అంటే తెల్లవాళ్ల సంగీతమని నమ్మే తరాలు ఆ జాబితాల నుంచే తయారయ్యాయి.

పరిశోధన చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ప్రక్రియ అనే మాట కనిపించగానే నిర్వచనం కంఠస్థం చేయకండి. ఆ జాబితా ఎవరు రాశారు, ఎవరికి అమ్మడానికి రాశారు, ఎవరి పేరు వదిలేశారు అని చూడండి. మీ థీసిస్ మొదటి అధ్యాయం అక్కడే ఉంటుంది.

జై భీమ్.