దివాన్‌గిరీకి రెండు ముద్రలు

శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. ఆ 75 ఏళ్ల సంచికకు విజయనగర సంస్థానపు దివాన్‌గిరీ చరిత్ర కావాలని సంఘంవారు అడిగారు. దివాను అంటే రాజుగారి ప్రధానమంత్రి అని మన వాడుక. కోట, సైన్యం, శిస్తు, కప్పం అన్నీ ఆయన చేతి మీదే నడిచేవి కనుక ఆ మాటలో తప్పులేదు. అయితే ప్రధానమంత్రిని నిలబెట్టేది సభ. మన దివానును నిలబెట్టింది రాజూ కాదు, సభా కాదు. సంస్థానం ఎవరికి బాకీ ఉందో వాళ్లు. రాజు వేసే ముద్ర పైకి కనిపించేది. అప్పు రావలసినవాడు వేసే రెండో ముద్ర పడితేగాని మొదటిది చెల్లేది కాదు.

ఇది ఇంగ్లీషువాళ్లతో మొదలైన సంగతి కూడా కాదు. 1753లో నిజాం శ్రీకాకుళం సర్కారును ఫ్రెంచివారికి రాసిచ్చాడు. వారి సేనాని బుస్సీ దాన్ని విజయనగరం రాజు పెద విజయరామరాజుకు ఇజారాకిచ్చాడు. 1757లో బొబ్బిలి యుద్ధం ముగిసీ ముగియకముందే తాండ్ర పాపారాయుడి చేతిలో ఆయన పోయాడు. తర్వాత వచ్చిన ఆనందరాజు ఇంగ్లీషువారి పక్షం చేరి 1758లో చందుర్తి గెలుపులో పాలుపంచుకున్నాడు, 1760లో కాలం చేశాడు. గద్దె దత్తుడైన పసివాడు విజయరామరాజుకు దక్కింది. పెత్తనం మాత్రం అన్న సీతారామరాజుది. తమ్ముడు పెద్దవాడై జగన్నాథరాజును దివానుగా పెట్టుకున్నాక అసలు పరీక్ష వచ్చింది. 1778లో మద్రాసు గవర్నరు రంబోల్డు జమీందార్లందరినీ మద్రాసు రమ్మన్నాడు. అంత దూరం రావడం భారమని విజయరామరాజు మొరపెట్టుకుంటూ ఉండగానే సీతారామరాజు ముందుగా చేరి దివాన్‌గిరీ సంపాదించాడు. రాజు వద్దు వద్దని ఎంత మొత్తుకున్నా చెల్లలేదు. దివాన్‌గిరీ ఇప్పిస్తే గవర్నరు కార్యదర్శి రెడ్‌హెడ్‌కు లక్ష రూపాయలు ముట్టజెప్పే ఒప్పందం ఒకటి ఆ తర్వాత బయటపడింది. 1781లో కంపెనీ డైరెక్టర్లు రంబోల్డును కొలువు నుంచి తీసేశారు. దివాను గారి ముద్ర మాత్రం అలాగే ఉంది.

సీతారామరాజు సమర్థుడు, ఆయన లేకపోతే జమీందారీ అప్పుడే చితికిపోయేది అనేవారున్నారు. సమర్థుడే. కానీ సమర్థతే ఆ పదవి ఇచ్చి ఉంటే మద్రాసులో లక్షతో పనేముంది? విజయనగరం వట్టి జమీందారీ, అక్కడి దివానును ప్రధానమంత్రితో పోల్చడం అతిశయోక్తి అనేవారూ ఉన్నారు. సరే, హైదరాబాదునే తీసుకుందాం. కాంటింజెంటు సైన్యపు బాకీ కింద 1853 మే నెలలో నిజాం బేరారును కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. కొద్దిరోజులకే దివాను సిరాజుల్‌ముల్క్ కన్నుమూశాడు. ఆయన స్థానంలోకి వచ్చిన సాలార్‌జంగు నిజాముకూ రెసిడెంటుకూ మధ్య 30 ఏళ్లు నడిచాడు. రాజ్యం పెద్దదైతే పదవి గౌరవం పెరుగుతుంది, దాని కట్టు మారదు.

1793లో సీతారామరాజును పింఛను ఇచ్చి మద్రాసు పంపించారు. పేష్కషు బకాయిల కింద జమీందారీనే జప్తు చేశారు. రాజు కూడా మద్రాసు వెళ్లాలన్నారు. ఆయన వెళ్లలేదు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనాని ప్రెండర్‌గాస్టు సేనకు ఎదురు నిలిచి, చుట్టూ ఉన్న సరదార్లతో పాటు నేలకొరిగాడు. చేతులెత్తి మొక్కదగిన చావది. దివానును ఎంచుకునే హక్కు 1778లో పోయినప్పుడే ఆయన సగం ఓడిపోయాడని నా అభిప్రాయం. 1802 శాశ్వత పైసలా నుంచి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా చెప్పుకోదగిన దివాన్‌గిరీ కథ లేదు.

సంచిక మర్యాద ప్రకారం దానాలు చెప్పాలి. విజయనగర రాజులైన పూసపాటివారి పేరు మీద 1857 నాటి బడి, అది 1879లో ఎదిగిన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు నడిపిన 1919 నాటి సంగీత కళాశాల, 1867లో లండన్ హైడ్ పార్కులో కట్టించిన మంచినీళ్ల ఫౌంటెను. వీటన్నిటికీ నమస్కారం. వంశధార ముఖాన కళింగపట్నం వైపు పల్లెలకు ఏం దక్కిందని ఆ జాబితాలో వెతికితే మాత్రం చేతికి చిక్కేది తక్కువ. సర్కారు శిస్తులో మన పొలాల వంతు పడింది, కప్పాల లెక్కల్లో మన పేరు పడలేదు. లండన్ ఫౌంటెను కూడా ఇప్పుడు లేదు.