తల ఊపే బసవన్న, నాలుగు భాషల్లో

ఎవరేం చెప్పినా సరే సరే అనేవాణ్ణి మనం "గంగిరెద్దులా తలూపుతాడు" అంటాం. చెన్నైలో అదే మనిషిని "పూంపూం మాడు మాదిరి తలాడిస్తాడు" అంటారు. బెంగళూరులో "కోలె బసవ"తో పోలుస్తారు, పుణెలో "నందిబైలు"తో. పేర్లు నాలుగు, ఎత్తిపొడుపు ఒక్కటే. ఎందుకంటే ఎద్దు ఒక్కటే. ముక్కుతాడు పట్టుకొని దాన్ని నడిపించే మనిషి ఇంట్లో మాట్లాడేది కూడా, ఈ నాలుగుచోట్లా, చాలామట్టుకు తెలుగే.

తెలుగునాడు దాటి బతికిన తెలుగు గురించి చెప్పుకునేటప్పుడు మనం మామూలుగా నాయకరాజుల దగ్గరో, సైన్యాల వెంట వెళ్ళి నల్లరేగడి భూముల్లో స్థిరపడ్డ రైతుల దగ్గరో మొదలుపెడతాం. ఎద్దును తోలుకొని ఊరూరా నడిచినవాళ్ళ సంగతి చివర్లో ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఈసారి వాళ్ళ దగ్గర కాస్త ఆగుదాం. అయితే వీధిలోకి రాకముందు ఈ ఎద్దు గుడిలో ఉంది. ముందు అక్కడికి పోదాం.

నంది వేరు, ఎద్దు వేరు

ఇప్పుడు నంది అంటే మనకు ఎద్దే. పురాణాల్లో మాత్రం అంత సూటిగా లేదు. లింగపురాణం లాంటి శైవ పురాణాల్లో నంది శిలాదుడనే మహర్షి కొడుకు. ఆయుష్షు తక్కువని తెలిసి శివుడి కోసం తపస్సు చేసి, చావులేని వరం పొంది, ప్రమథగణాలకు నాయకుడైనవాడు. శివుడి వాహనం పేరు విడిగా వృషభం. వృషభధ్వజుడు, వృషవాహనుడు అని శివుణ్ణి పిలిచేది అందుకే. కాలం గడిచేకొద్దీ వాకిట్లో కాపలా ఉండే నందికేశ్వరుడూ, ఎదురుగా మోకాళ్ళు ముడుచుకొని కూచునే వృషభమూ జనం మనసులో ఒకటైపోయారు. ఆ పాత తేడా పూర్తిగా చెరిగిపోలేదు. మనిషి ఒంటితో చేతులు జోడించి నిలబడే అధికారనంది తమిళనాడు శివాలయాల్లో నేటికీ కనిపిస్తాడు.

గుడి నందికి చెయ్యాల్సిన మర్యాదలు మనకందరికీ తెలిసినవే. కొమ్ముల సందులోంచి లింగాన్ని చూస్తాం. లింగానికీ నందికీ మధ్యన నడవం. ప్రదోషం నాడు తమిళదేశంలో నందికి అభిషేకం చేస్తారు. చెవి దగ్గర నోరు పెట్టి కోరిక చెప్పుకుంటాం. ఆయన వింటాడు, జవాబు మాత్రం చెప్పడు. జవాబు చెప్పే నంది కావాలంటే వీధిలోకి రావాలి.

బసవ అనే మాట ప్రయాణం

సంస్కృతంలో వృషభం కన్నడంలో బసవ అయింది. 12వ శతాబ్దంలో కళ్యాణంలో బిజ్జలుడి దగ్గర మంత్రిగా ఉన్న బసవేశ్వరుడి పేరు అదే. ఆయన కథను పెద్ద కావ్యంగా చేసింది మాత్రం తెలుగు కవి. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో ద్విపదలో బసవపురాణం రాశాడు. అందులో నందే బసవన్నగా భూమ్మీద పుడతాడు. 1369లో భీమకవి దాన్ని కన్నడం చేశాడు. అంటే కన్నడ పేరు తెలుగు పురాణమై, మళ్ళీ కన్నడ పురాణమైంది. ఈనాడు చింతామణిలో ఒక బసవమ్మనో, హిందూపురంలో ఒక బసవరాజునో పట్టుకొని "ఈ పేరు కన్నడమా, తెలుగా?" అని అడిగితే వాళ్ళు నవ్వి ఊరుకుంటారు.

ఎద్దు అనే మాటకైతే సరిహద్దు అసలే లేదు. తమిళంలో ఎరుదు, కన్నడంలో ఎత్తు, తెలుగులో ఎద్దు. మూడూ ఒకే ద్రావిడ ధాతువునుంచి వచ్చినవి.

పెరిగే రాయి

మాటలాగే కథ కూడా ఊళ్ళు దాటింది. లేపాక్షిలో విజయనగర కాలపు ఏకశిలా బసవన్న సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. బెంగళూరు బసవనగుడిలో కెంపేగౌడ గుడి కట్టించాడని చెప్పే బసవన్నదీ దాదాపు అంతే ఎత్తు. తంజావూరు పెద్ద గుడి 11వ శతాబ్దపు చోళులది. దాని ఎదుట ఇప్పుడు మనం చూసే పెద్ద నంది మాత్రం తర్వాత వచ్చిన నాయకరాజుల కాలానిది. ఆ నాయకుల కొలువులో వెలిగిన సాహిత్యం తెలుగు.

ఇప్పుడు కథలు వినండి. తంజావూరు నంది పెరుగుతూ పోతుంటే వీపున మేకు కొట్టి ఆపారట. బసవనగుడి బసవన్న పెరుగుతుంటే నెత్తిన త్రిశూలం దించి ఆపారట. నంద్యాల వైపు యాగంటి బసవన్నను ఎవరూ ఆపలేదు. ఆయన ఇంకా పెరుగుతూనే ఉన్నాడనీ, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడనీ వీరబ్రహ్మంగారి పేరు మీద జనం చెప్పుకుంటారు. మూడు చోట్లా ఒకే నమ్మకం: గుడి ముందున్నది రాయి కాదు, కూచున్న పశువు.

బసవనగుడి కథలో ఆ పశువు చేలల్లో కూడా పడింది. రాత్రిపూట వచ్చి కడలెకాయి పంట తినేసేదట. దాన్ని శాంతింపజేయడానికి రైతులు గుడి కట్టి తొలిపంట సమర్పించడం మొదలుపెట్టారట. ఏటా కార్తీకమాసం చివరి సోమవారం జరిగే కడలెకాయి పరిషెకు ఇదే మూలమంటారు. మనవైపు చెనిక్కాయలనే ఈ వేరుశనగ దక్షిణ అమెరికా పంట. పోర్చుగీసువాళ్ళు సముద్రం దాటి వచ్చాకే మన నేలకు చేరింది. కాబట్టి కథలో పంట కొత్తది. చేలో పడి మేసినా కొట్టకూడని ఎద్దు మాత్రం చాలా పాతది.

అచ్చోసిన ఆంబోతు

ఆ ఎద్దు మన నుడికారంలోనే ఉంది. పెద్దలు పోయినప్పుడు పదకొండో రోజున వృషోత్సర్గం చేసేవాళ్ళు. ఒక కోడెదూడకు శూలమో చక్రమో అచ్చువేసి, దేవుడి పేరుమీద వదిలేయడం. అప్పట్నుంచి అది ఎవరి సొత్తూ కాదు. ఎవరి చేలో మేసినా అదిలించడమే తప్ప కట్టెయ్యకూడదు, కాడి కట్టకూడదు. ఊళ్ళో ఆవులకు ఆంబోతుగా పనికొచ్చేది. ఈ పవిత్రమైన పశువు తెలుగులో తిట్టుగా మారింది. పనీపాటా లేకుండా తిరిగేవాడు "అచ్చోసిన ఆంబోతు" అయ్యాడు.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. గుడిలో కదలకుండా ఉన్నంతవరకు ఎద్దుకు దణ్ణాలే. లేచి తిరగడం మొదలుపెట్టిందంటే సామెతలు మొదలవుతాయి. గంగిరెద్దుకూ అదే జరిగింది.

హరి ముందు, నంది వెనక

గంగిరెద్దులో గంగి అంటే సాధువైన, మంచి అని. గంగిగోవులో ఉన్నదీ అదే గంగి. నోటిమాటలో గంగెద్దు. వీపున రంగురంగుల బట్టలు, మెడలో గంటలు, గవ్వలు, కొమ్ములకు కుప్పెలు, పక్కన సన్నాయి, డోలు. సంక్రాంతికి వాకిట్లోకి వచ్చి, చెప్పినట్టు మోకాళ్ళ మీద వంగి, అడిగినదానికి తల ఊపి, ఇచ్చిన బియ్యమో పాతబట్టో తీసుకొని వెళ్ళే "డూడూ బసవన్న" ఇదే.

ఒక విషయం చాలామంది గమనించరు. శివుడి వాహనాన్ని తోలుకొచ్చే ఈ మనిషి నొసట తరచుగా ఉండేది విష్ణునామం. ఎద్దు పేరు రాముడు, జత ఆవు ఉంటే సీత. కర్ణాటకలో కోలె బసవ ఆటలోనూ రాముడు, సీత పేర్లే. వాళ్ళ అలక, పెళ్ళి జనాన్ని నవ్విస్తాయి. తమిళంలో పూంపూం మాడుకు ఇంకో పేరు "పెరుమాళ్ మాడు", అంటే విష్ణువు ఎద్దు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణభారత కులాల సంపుటాల్లో గంగెద్దులవాళ్ళతో పాటు ఈ పెరుమాళ్ మాట్టుక్కారుల సంగతీ ఉంది. శివుడి ఎద్దుకు విష్ణువు పేరెందుకు?

జవాబు మన ఇంట్లోనే ఉంది. వినాయకచవితి నాడు తెలుగిళ్ళలో చదివే వ్రతకథ గుర్తుచేసుకోండి. గజాసురుడు వరం అడిగి శివుణ్ణి పొట్టలో దాచుకున్నాడు. పార్వతి వెళ్ళి విష్ణువుతో మొరపెట్టుకుంది. అప్పుడు విష్ణువు చేసిన ఉపాయం గంగిరెద్దు మేళం. నందిని గంగిరెద్దుగా అలంకరించాడు. బ్రహ్మాది దేవతల చేతికి వాయిద్యాలిచ్చాడు. తానే మేళం నడిపాడు. గజాసురుడి వాకిట్లో ఆడించి మెప్పించి, ఏం కావాలన్నా ఇస్తానంటే శివుణ్ణి ఇమ్మన్నాడు. వచ్చింది శ్రీహరి అని రాక్షసుడు తెలుసుకున్నాడు, మాట తప్పలేదు. నంది కొమ్ములతో పొట్ట చీల్చి శివుణ్ణి బయటికి తెచ్చింది. ఆ గజాసురుడి తలే వినాయకుడికి వచ్చింది.

ఈ కథ లెక్కన మొదటి గంగిరెద్దులాయన విష్ణువు. వాకిట్లో నామం పెట్టుకొని నిలబడ్డ మనిషి ఆయన వేషంలో ఉన్నట్టే. ఏటా ఈ కథ అక్షతలు పట్టుకొని వింటాం. నాలుగు నెలలకు సంక్రాంతికి అదే మేళం వాకిట్లోకి వస్తే "ముష్టివాళ్ళొచ్చారు" అంటాం. తల ఊపడం మాత్రం సామెత అయింది. పొట్ట చీల్చిన సంగతి సామెతలోకి ఎక్కలేదు.

డూడూ, బూంబూం, గుబుగుబు

ఈ మేళం ఎంత దూరం పోయిందో పేర్లే చెబుతాయి. గోదావరి జిల్లాల మధ్యన ఉన్న యానాంలో గంగిరెద్దే. తెలుగునేల దాటితే మాత్రం కొన్ని పేర్లు ఎద్దునుంచి కాదు, వాయిద్యం మోతనుంచి వచ్చాయి. పుల్లతో చర్మాన్ని రాసి వాయించే ఉరుమి శబ్దం తమిళుల చెవికి "బూంబూం" అని వినబడింది. మాట్టుక్కారర్ ముందు అది చేరింది. మరాఠీ పిల్లలకు అదే "గుబుగుబు". మనకు "డూడూ". వాయించినవాళ్ళు ఒకే రకం మనుషులు. విన్న చెవులు వేరు.

మహారాష్ట్రలో వీళ్ళను నందివాలె అంటారు. అందులో ఒక శాఖ తిర్మల్ లేదా తిరుమల్. ఆ పేరు వింటే తిరుమల గుర్తురాక మానదు. మానవశాస్త్రవేత్త కైలాష్ మల్హోత్రా, పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ వీళ్ళమీద చేసిన పరిశోధనలు 1980ల్లో వచ్చాయి. వాళ్ళు చూసిన ప్రాంతంలో నందివాలెలు, వైదులు, ఫాసేపార్ధీలు ఒకేచోట తిరిగేవాళ్ళు, అయితే చాలామట్టుకు ఒకరు వేటాడే జంతువులు వేరు, ఇంకొకరు వేటాడేవి వేరు. నందివాలెలు కుక్కలతో అడవిపందుల్లాంటివాటిని వేటాడేవాళ్ళు. ఎద్దు ఆడించడం ఏడాదంతా కడుపు నింపే పని కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

మరాఠీ ఊళ్ళో నందిబైలును ముఖ్యంగా అడిగేది వాన గురించి. వస్తుందా, రాదా? గుడి నంది చెవిలో చెప్పుకున్న ప్రశ్నకు ఇక్కడ తల ఊపి జవాబొస్తుంది. ఆ ప్రశ్న మరాఠీలో అడగాలి. పొద్దంతా ఊరి భాషలో పొగిడి, దీవించి, నవ్వించి గింజలు సంపాదించాలి. పొద్దుగూకి గుడారానికి చేరాక తమలో తాము తెలుగు. పెళ్ళిళ్ళు తమవాళ్ళలోనే కాబట్టి ఆ తెలుగు నిలిచింది. రాజులు, పండితులు, బళ్ళు ఏవీ కాపాడని తెలుగు ఇది.

కాగితం మీద ఎవరు?

సరిహద్దు దాటినప్పుడల్లా ఎద్దు పేరే కాదు, మనిషి పేరు కూడా మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో గంగిరెద్దులవారు బీసీ ఏ జాబితాలో ఉన్నారు. మహారాష్ట్రలో నందివాలె, తిర్మల్ అనే పేర్లు సంచారజాతుల జాబితాలో ఉన్నాయి. తమిళనాడులో పూంపూం మాట్టుక్కారులు తమను ఆదియన్ అంటారు. ఆ పేరు షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉంది గానీ, ఆ సర్టిఫికెట్ చేతికి రావడానికే వాళ్ళు ఏళ్ళతరబడి తిరగాల్సి వచ్చింది. సర్టిఫికెట్ లేకపోతే పిల్లల చదువు బడి దగ్గరే ఆగిపోతుంది. ఒకే రకం మేళం, ఒకే ఇంటిభాష, మూడు రాష్ట్రాల్లో మూడు రకాల హక్కులు.

ఎద్దును మేపే ఖర్చు పెరిగింది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎద్దును లోపలికి రానివ్వరు. చాలామంది ఎద్దును వదిలేసి చిన్న వ్యాపారాల్లోకి, కూలిపనుల్లోకి పోయారు. ఎద్దుతో పాటు దాన్ని పిలిచే మాటలూ పోతాయి. ఎద్దును వంచడానికి ఒక మాట, నడిపించడానికి ఒక మాట, కస్టమర్లకు తెలియకుండా తమలో తాము అనుకునే మాటలు ఇంకెన్నో. వీటిని నిఘంటువుల్లో వెతికితే దొరకవు. చెప్పేవాళ్ళు ఉన్నప్పుడే రాసుకోవాలి.

కాబట్టి ఈసారి సంక్రాంతికి మీ వాకిట్లోకి బసవన్న వస్తే గింజలు పోసి పంపెయ్యకండి. "అన్నా, మీదే ఊరు? ఇంట్లో ఏం మాట్లాడతారు? ఈ నగకు ఏమంటారు, ఈ వాయిద్యానికి ఏమంటారు?" అని అడగండి. ఒప్పుకుంటే నాలుగు మాటలు రాసుకోండి. హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు, ఎక్కడివాళ్ళయినా సరే, మీ ఊళ్ళో ఆ ఎద్దును ఏమంటారో, తోలుకొచ్చేవాళ్ళను ఏమని పిలుస్తారో కింద రాయండి. పేర్లన్నీ ఒకచోట చేరితే వాళ్ళు నడిచిన దారి మనకు కనబడుతుంది.