మన్యం వీరుడి పాటల్లో మేటి ఏది?

1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ సినిమా పాటల మీద అభిమానుల వాదన యాభై ఏళ్లు దాటినా సద్దుమణగలేదు. శ్రీశ్రీ రాసిన ‘తెలుగు వీర లేవరా’ మేటి పాట అని ఒక పక్షం, సినారె రాయగా సుశీల పాడిన ‘వస్తాడు నా రాజు’ ముందు మరేదీ నిలవదని రెండో పక్షం. ‘రగిలింది విప్లవాగ్ని’ని వెనకేసుకొచ్చేవాళ్లూ అక్కడక్కడ ఉన్నారు. రాగమెంత తీపి, గొంతెంత గొప్ప, పదమెంత పదును అనే లెక్కల్లోనే ఈ వాదనంతా నడుస్తుంది. ఆ లెక్కలు ముఖ్యమే కానీ, వాటితో తీర్పు తేలదు. ఈ పాటలన్నీ ఒక నిజమైన కొండసీమలో, నిజమైన తేదీల్లో జరిగిన పోరాటాన్ని ఆనుకుని పుట్టాయి. కాబట్టి వాటిని ఆ పోరాటం పక్కన నిలబెట్టి చూడాలి. అలా చూస్తే మేటి పాట ‘తెలుగు వీర లేవరా’ అనే తేలుతుంది. అయితే అభిమానులు సాధారణంగా చెప్పే కారణాలు అందుకు చాలవు. ఆ పాటలో ఉన్న ఒక పెద్ద లోపాన్ని దాచి ఆ తీర్పు చెప్పడమూ కుదరదు.

పోరాటం పక్కన అంటే ముందుగా రాజవొమ్మంగి దగ్గర. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: వరుసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లను రామరాజు దళం ముట్టడించింది. మొత్తం మీద 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేజిక్కించుకుంది. మొదటి రెండు చోట్ల పోలీసులు తేరుకునేలోపే పని అయిపోయింది. రాజవొమ్మంగిలో కొంత ప్రతిఘటన ఎదురైనా, స్టేషన్‌లో బందీగా ఉన్న తిరుగుబాటు నాయకుడు వీరయ్యదొరను దళం విడిపించుకుని వెళ్లింది. తీసుకెళ్లిన ఆయుధాల లెక్కను స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం చేయడం రామరాజు పద్ధతి. అక్టోబరులో అడ్డతీగల మీదికి ముందే కబురు పెట్టి మరీ వెళ్లాడు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర కనుమలో పొంచి ఉన్న దళం, ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్లదొరలను మాత్రమే కాల్చి చంపింది. ఈ వివరాలన్నిటిలో ఒకే స్వభావం కనిపిస్తుంది. ఇది చాటి చెప్పి చేసిన పోరాటం. ఎవరితో మాట్లాడుతున్నదీ, ఎవరిని ఎదిరిస్తున్నదీ, ఎవరిని వదిలేస్తున్నదీ వెల్లడిగా చెప్పుకుంటూ సాగింది.

పాటలకు మేటి, మామూలు అని వరుస కట్టే అలవాటు ఎలా వచ్చిందో కూడా కాస్త చూడాలి. సినిమా హాల్లో పాట కథలో భాగంగా వస్తుంది. దాని ముందొక సంభాషణ, వెనకొక యుద్ధం ఉంటాయి. గ్రామఫోన్ రికార్డు ఆ పాటను కథ నుంచి విడదీసింది. పాత 78 రికార్డు ఒక్కో వైపున మూడు నిమిషాలకు కాస్త మించి పట్టేది కాదు కనుక ఆ రోజుల్లో ప్రతి పాటా దాదాపు ఒంటరి బతుకే బతికింది. డెబ్భైల నాటికి చిన్న రికార్డు మీద నాలుగేసి పాటలు, పెద్ద రికార్డు మీద సినిమా పాటలన్నీ చేరి పక్కపక్కన కూర్చున్నాయి. హాలు బయట అమ్మే పాటల పుస్తకం వాటన్నిటినీ ఒకే చోట అచ్చులో చూపించింది. 1963లో మొదలైన విశాఖ ఆకాశవాణి, అంతకుముందే 1957లో పుట్టిన వివిధభారతి శ్రోతల ఉత్తరాలు చదివి, కోరిన పాటలు వినిపించాయి. కోరిక అంటేనే ఎంపిక. పది పాటల్లో ఒకటి కోరినవాడు తక్కిన తొమ్మిదిటి మీదా తీర్పు చెప్పినట్టే. కథ నుంచి విడిపోయి ఇంటికి వచ్చిన పాటకు సొంత విలువ కట్టడం అలా అలవాటైంది. అందుకే ఇప్పటికీ వాదన గొంతు, రాగం చుట్టూనే తిరుగుతుంది. కథా, కొండా రికార్డుతో పాటు ఇంటికి రాలేదు.

‘వస్తాడు నా రాజు’ పక్షం బలమైనది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. సంగీత దర్శకుడు పి. ఆదినారాయణరావు ‘అనార్కలి’ (1955), ‘సువర్ణసుందరి’ (1957) చేసినవాడు. ఎదురుచూపునీ, విరహాన్నీ మెత్తగా పలికించడంలో ఆయనది అందెవేసిన చేయి. సుశీల గొంతు ఆ వరుసలో ఎక్కడా తొణకదు. ఒక్క సంగీతం మాటే అయితే నా ఓటూ దానికే. కానీ ఆ పాటను ఈ సినిమా నుంచి ఎత్తి ‘అనార్కలి’లో పెట్టండి, ఏమీ మారదు. రాజకుమారుడి కోసం ఎదురుచూసే ఏ కన్యకైనా అది సరిపోతుంది. రామరాజును ప్రేమించే సీత కథ సినిమా అవసరం కోసం పెరిగింది. మన్యంలో జరిగినదానితో దానికి సంబంధం పలచన. ఆల్బమ్‌లో మేటి పాట అంటే ఆ ఆల్బమ్ తప్ప మరెక్కడా ఇమడని పాట, అది తీసేస్తే తక్కినవి చెల్లాచెదురయ్యే పాట అయి ఉండాలి. ‘తెలుగు వీర లేవరా’ను ‘సువర్ణసుందరి’లో పెట్టలేం. దాని చుట్టూనే ఈ సినిమా నిలబడింది.

ఆ పాట తరఫున అభిమానులు వెంటనే రెండు సాక్ష్యాలు తెస్తారు. ఒకటి జాతీయ పురస్కారం: ఉత్తమ గీతరచనకు ఆ గౌరవం దక్కిన తొలి తెలుగు పాట ఇదే. రెండోది ఘంటసాల గొంతు. ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాడు, సినిమా ఆ తర్వాత రెండున్నర నెలలకు వచ్చింది. వి. రామకృష్ణ గొంతుతో కలిసి వినిపించిన ఆ స్వరం అప్పటికే లేని మనిషిది. ఆనాటి శ్రోత దుఃఖంతో విన్నాడు, ఆ దుఃఖం పాటకు బలమైంది. కానీ పురస్కారం న్యాయనిర్ణేతల మాట, దుఃఖం ఆ ఏటి శ్రోతల అనుభవం. రెండూ పాటకు బయటివే. పాట లోపలి కారణం వేరు. అది మొదటి నుంచి చివరి దాకా ఎదుటి మనిషిని ఉద్దేశించి పిలిచే పాట. వర్ణన తక్కువ, సంబోధన ఎక్కువ. రామరాజు పోరాటం నడిచిన తీరూ అదే. స్టేషన్ పుస్తకంలో సంతకం, ముందే పంపిన కబురు, సిపాయిలను వదిలి దొరలను ఎంచుకున్న గురి, ఇవన్నీ ఎదుటివాడిని పేరు పెట్టి పలకరించే చేష్టలే. రాజవొమ్మంగి దాడికి ఒక పాటరూపం ఇవ్వమంటే అది ప్రేమగీతమో జాతర పాటో అవదు, పిలుపు పాటే అవుతుంది. శ్రీశ్రీ ఆ రూపాన్ని సరిగ్గా పట్టుకున్నాడు.

అసలు అభ్యంతరం ఇక్కడే ఎదురవుతుంది, ఇది గట్టిది. పిలుపు సరే, పిలిచింది ఎవరిని? ఆ మూడు స్టేషన్ల మీదికి నడిచినవాళ్లు మన్యంలోని కోయలు, బగతలు, కొండదొరలు, వాళ్ల తోటి తెగలవాళ్లు. తమది తెలుగు జాతి గనుక లేవాలని వాళ్లెవరూ లేవలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద వేటు వేసింది, అడవిలోకి పోయే దారి మూసింది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన రోడ్డు మీద గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ జనంతో అరకొర కూలికి గొడ్డుచాకిరీ చేయించాడు. తరతరాల ముఠాదారీ హక్కులు కరిగిపోయిన కుటుంబాల కడుపుమంట దీనికి తోడైంది. ఇంకో సంగతి: వాళ్లను ఎవరూ నిద్ర లేపనక్కర్లేదు. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం, రంప కొండల తిరుగుబాట్ల మీద 1982లో రాసిన వ్యాసం 1839లో మొదలై 1924లో ముగుస్తుంది. ఆ ఎనభై అయిదేళ్లలో ఆ కొండలు పదేపదే లేచాయి. కల్లు మీద పన్నుకూ, మన్సబుదారు దోపిడీకీ ఎదురుతిరిగిన 1879 రంప ఫితూరీ వాటిలో అందరికీ తెలిసినది. లేవడం మైదానానికి కొత్త కావచ్చు, మన్యానికి వాడుక. కాబట్టి ఈ పాటలోని పిలుపు 1922 నాటి రాజవొమ్మంగి మనిషికి చేరదు. అతని చేతిలో అప్పటికే విల్లు ఉంది.

ఈ అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. అయినా దానివల్ల నా తీర్పు మారదు. పాట ఎవరిని పిలిచిందో చూడాలంటే అది పుట్టిన కాలాన్ని చూడాలి. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972 చివర మొదలై 1973లో రాష్ట్రపతి పాలన దాకా తెచ్చిన జై ఆంధ్ర ఉద్యమం, ఆ సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం: తెలుగువాళ్లు ఒక్కటిగా ఉంటారా లేదా అనే ప్రశ్న ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు ఈ పాట వచ్చింది. అదే సమయంలో ఉత్తరాన శ్రీకాకుళం కొండల్లో గిరిజన సాయుధ పోరాటం నెత్తురోడి అణగారిపోయింది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో చనిపోయారు. ఆ జులై 4నే, అంటే రామరాజు పుట్టినరోజునే, విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు శ్రీశ్రీ. విశాఖలో పుట్టి, ఆ కొండల నీడలోని మైదానంలో పెరిగిన కవి, రామరాజు పేరిట తన కాలపు మైదానాన్ని పిలిచాడు. నిద్రపోతున్నది మన్యం కాదు, మైదానమే అని ఆ పాటను చదివితే అభ్యంతరంలోని సగం పాటకే సాక్ష్యంగా మారుతుంది. మిగతా సగం మాత్రం అలాగే ఉంటుంది: కొండ మనిషి చేసిన పోరాటం మైదానపు మనిషిని లేపడానికి పనికొచ్చింది, తన పేరు మాత్రం ఆ పిలుపులో వినపడలేదు. రామరాజు అనుచరులైన బట్టిపనుకుల గాం సోదరుల్లో గంటందొర పోరాటంలోనే ప్రాణం వదిలాడు. మల్లుదొర అండమాను శిక్ష అనుభవించి వచ్చి 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అంతటి జీవితానికి తెలుగు సినిమా ఒక పాట కేటాయించలేదు. ఆ పాట గొప్పదని ఎంత గట్టిగా అంటానో, ఈ లోటునూ అంత గట్టిగానే చెప్తాను.

అలాగైతే మేటి పాట రికార్డు మీద ఉండదు, కొండల్లో ఉంటుంది అనేవాళ్లూ ఉంటారు. కోయల, కొండరెడ్ల రేల పాటలు, అరకు వైపు మోరి, తుడుము, కిరిడి మీద సాగే ధింసా, చైత్రంలో వేటకు వెళ్లే ఇటుకల పండగ పాటలు సినిమాలోని జాతర పాటకన్నా నిజమైనవే. మద్రాసు స్టూడియోలో కొలిచిన కొండదేవతకూ, గూడెంలో కొలిచే దేవతకూ చాలా దూరం. ఆదినారాయణరావు వాద్యబృందం ఆ దూరాన్ని దాటే ప్రయత్నమైనా చేయలేదు. అయితే ఇది ఆల్బమ్ మీద చేసే విమర్శ. ఆల్బమ్‌లో ఏది మేటి అన్న ప్రశ్నకు జవాబు కాదు. రేల పాటల్లో మేటి ఏదో తేల్చే అర్హత పాడుకునేవాళ్లది, రికార్డులు కొనేవాళ్లది కాదు.

ఈ కొలతను నాకు నచ్చిన పాట కోసమే తయారుచేసుకున్నానన్న అనుమానం రావచ్చు. ఇంకో ఆల్బమ్ మీద పెట్టి చూద్దాం. రాజవొమ్మంగి దాడికి నూరేళ్లు నిండే ఏడాదే, 2022 మార్చి 25న ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది. కీరవాణి పాటల మీద వెంటనే వాదన మొదలైంది: చంద్రబోస్ ‘నాటు నాటు’ మేటా, సుద్దాల అశోక్‌తేజ రాసి కాలభైరవ పాడిన ‘కొమురం భీముడో’ మేటా? 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్ ‘నాటు నాటు’కు వచ్చాక చాలామంది వాదన ముగిసిందనుకున్నారు. నా కొలత ప్రకారం మాత్రం ‘కొమురం భీముడో’ ముందుంటుంది. ‘నాటు నాటు’ ఉత్సాహం, అడుగుల పోటీ ఇంకో సినిమాలోనూ పండుతాయి. కొరడా దెబ్బల మధ్య తన పేరు తానే పిలుచుకుని, తన అడవి తల్లికి తాను జవాబు చెప్పుకునే గోండు వీరుడి పాట మరెక్కడా ఇమడదు. అక్కడా అది పిలుపే. అయితే పిలిచేవాడూ, వినేవాడూ, పేరున్నవాడూ ఒక్క కొండ మనిషే. 1974 పాటలో వినపడని పేరు ఇక్కడ పాట నడుమ నిలబడింది. ఒక ఆల్బమ్‌లో పురస్కారం పొందిన పాటనూ, రెండోదానిలో ఆస్కార్ పొందని పాటనూ ఒకే కొలత ఎంచుకుంటోంది.

డెబ్భైలలో బృందమంతా కూర్చుని వాయించేది, ఇప్పుడు సింథసైజర్లు, కంప్యూటర్లు వచ్చాయి, ఈ రెండు కాలాలనూ ఒకే త్రాసులో తూచకూడదన్న మాటా వినిపిస్తుంది. మోత మారింది నిజమే, పిలుపు ఎవరిదన్న ప్రశ్న మారలేదు. పైగా ‘ఆర్ఆర్ఆర్’ ఆ ప్రశ్నను ఇంకా పదునెక్కించింది. భీముడు పాడుతుంటే కొరడా పట్టుకుని కొడుతున్నది రామరాజు అనే పాత్ర, బ్రిటిష్ పోలీసు దుస్తుల్లో. అది కల్పిత కథ అని దర్శకుడు చెప్పే మొదలుపెట్టాడు, కథలో ఆ దుస్తుల వెనక వేరే ఉద్దేశమూ ఉంది. అయినా 1922 ఆగస్టు 24న వీరయ్యదొరను పోలీసు బందీఖానా నుంచి బయటికి తెచ్చిన పేరు అది. ఆ పేరుకు పోలీసు చొక్కా తొడిగిన సినిమాలో, ఆ స్టేషన్ లోపలున్న బందీ తరఫున మాట్లాడేది ఒక్క ‘కొమురం భీముడో’ పాటే.