దర్బారు ఫోటోలు, "జాతి" ఫోటోలు, మన ఫేర్‌వెల్ ఫోటోలు



టెన్త్, ఇంటర్ ఆఖరు సంవత్సరం పిల్లల ఫేర్‌వెల్ రోజులు వచ్చినయ్. "చార్మినార్ దగ్గర దిగుదామా, చౌమహల్లాలో దిగుదామా, ఏం బట్టలు వేసుకోవాలె?" అని హాస్టళ్లలో తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్నరు. అడగడానికి చిన్న ప్రశ్నే. కానీ ఫోటోలో మనిషి ఎట్లా కనబడాలో ఎవరు నిర్ణయిస్తారన్న దాని మీద హైదరాబాద్‌లో పెద్ద చరిత్రే ఉంది. అది తెలిస్తే జవాబు మనకే దొరుకుతది.

ముందుగా పాతబస్తీ కొలువు సంగతి. లాలా దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టిండు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టిండు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయిండు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిండు. నిజామే ఆయనకు "రాజా" బిరుదు ఇచ్చిండు.

ఆ రోజుల్లో ఫోటో అంటే గాజు పలక మీద పడే బొమ్మ. వెలుతురు సరిపడా ఉండాలె, కదలకుండా కూర్చోవాలె. అందుకే అంతా ముందే అనుకునేవారు. వెనుక రంగులేసిన తెర, పక్కన కుర్చీ, కింద తివాచీ, చేతిలో కత్తో పుస్తకమో. నవాబు గారు ఏ షేర్వానీ వేసుకోవాలె, ఏ నగ కనబడాలె అన్నది కెమెరామన్ ఒక్కడే తేల్చే విషయం కాదు. దిగే మనిషి మాట చెల్లేది. "నేను ఇట్లా గుర్తుండాలె" అని ఆయనే చెప్పుకునేవాడు.

ఇంకో ముచ్చట మన చెల్లెళ్లు తప్పక తెలుసుకోవాలె. 1892లో దీన్ దయాళ్ హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచిండు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆమె. పరదాలో ఉండే దేవిడీల ఆడవాళ్లు పరాయి మగవాడి కంట పడకుండా అక్కడ ఫోటో దిగొచ్చు. నా ఫోటో ఎవరు తీయాలె, ఎవరు చూడాలె అనే హద్దు ఆనాడే ఆ ఆడవాళ్లకు దొరికింది. కానీ ఆ హద్దు డబ్బున్న ఇండ్లకే దొరికింది.

అదే కాలంలో మనోళ్ల ముందుకు వచ్చిన కెమెరా వేరే తీరుది. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ సర్కారు "ది పీపుల్ ఆఫ్ ఇండియా" పేరుతో 8 సంపుటాలు అచ్చేసింది. ఫోటో కింద మనిషి పేరు కంటే ముందు కులం పేరు, తెగ పేరు, వాళ్ల గుణం ఇదీ అని ఒక తీర్పు. 1909లో మద్రాసు మ్యూజియానికి చెందిన ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు తెచ్చిండు. ఆయన పనిముట్లతో తలలు, ముక్కులు కొలిచిన మనిషి. ఆ పద్ధతిలో ఫోటో అంటే కొలతకు తోడు. ఒక చెంచు మనిషిని తీస్తే చెంచులందరినీ తీసినట్టే అనుకునేవారు. ఆయనకు పాట ఇష్టమా, తేనె తీయడంలో దిట్టనా, ఎంతమంది పిల్లలు అనేది ఆ లెక్కలో లేదు. నవాబుది మనిషి ఫోటో, మనది "జాతి" ఫోటో. తేడా అంతా ఇక్కడే ఉంది.

1940 నుంచి కొంత మార్పు వచ్చింది. యుద్ధం వల్ల హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయిన హైమన్‌డార్ఫ్ చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర, ఆదిలాబాద్ గోండుల దగ్గర ఉండి రాసిండు, వేల ఫోటోలు తీసిండు. ఆయన పుస్తకాల్లో మనోళ్ల పేర్లు, ఊర్లు, వంశాలు కనబడతయ్. ఆయన చొరవతో 1943లో మర్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆయన భార్య బెట్టి సమాధి మర్లవాయిలోనే ఉంది. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే. అయినా ఆ ఫోటోల్లో చాలా మటుకు లండన్‌లోని సోయాస్ భద్రపరిచింది. మన తాతల ముఖాలు చూడాలంటే మనం అక్కడ వెతుక్కోవాలె.

బయటి దేశంలో ఒక మనిషి దీనికి జవాబు చెప్పిండు. అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ కావాలనే 160 దాకా ఫోటోలు దిగిండు. నల్లవాళ్లను నవ్వులాటగా గీసే బొమ్మలకు ఎదురుగా, మంచి కోటు వేసుకుని, గంభీరంగా, సూటిగా చూస్తూ నిలబడ్డడు. ఇవాళ అదే దేశంలో హైస్కూల్ ఆఖరు ఏడాది పిల్లలంతా తమ ఇష్టానికి తగ్గట్టు "సీనియర్ పోర్ట్రెయిట్" దిగుతరు. మనం కూడా దిగుదాం, కానీ మన లెక్కన.

ఇప్పటిదాకా మన ఫోటోలు రెండే రకాలు. ఒకటి పాస్‌పోర్ట్ సైజు: హాల్ టికెట్‌కు, క్యాస్ట్ సర్టిఫికెట్‌కు, స్కాలర్‌షిప్‌కు. రెండోది ఆగస్టు 9 నాడు స్టేజీ మీద. కోయ పిల్లగాడైనా, లంబాడ పిల్లగాడైనా అందరి తలకూ ఒకటే ఈకల టోపీ. మొదటిది ఆఫీసు అడిగిన ముఖం, రెండోది సభ అడిగిన ముఖం. ఫేర్‌వెల్ ఫోటో మాత్రం మనం అడిగిన ముఖం కావాలె.

అందుకు మాకు తోచినవి కొన్ని:

బట్టలు: మీరు వేసుకునేవే వేసుకోండి. జీన్స్ అయితే జీన్సే, అదీ మనమే. అమ్మ కుట్టిన కాంచళి, ఫేటియా ఉంటే అంతకన్నా ఏం కావాలె! కిరాయి డ్రెస్ మాత్రం వద్దు. గుస్సాడీ నెమలి టోపీ దండారి రోజుల్లో పూజతో పెట్టుకునేది, కొమ్ము కోయల కొమ్ముల తలపాగా కూడా ఉట్టిగా పెట్టేది కాదు. పెద్దల్ని అడగకుండా వాటిని ఫోటో సామాను చేయొద్దు. మర్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది ఆ ఆటను నిలబెట్టినందుకే.

చేతిలో వస్తువు: నవాబుకు కత్తి ఉన్నట్టు మీకు ఏముంది? కబడ్డీ ఆడేవాళ్లకు జెర్సీ, నర్సింగ్‌కు పోయేవాళ్లకు బయాలజీ రికార్డు, తాత వాయించిన కీక్రి. ఒక్కటి చాలు.

చోటు: చార్మినార్ దగ్గర పొద్దున్నే పోతే వెలుతురు మెత్తగా ఉంటది, జనం తక్కువ. చౌమహల్లా శుక్రవారం మూసి ఉంటది, కెమెరాకు ముందే అడగాలె. లోపల గోడల మీద నిజాం కుటుంబం ఫోటోలు చూడండి, ఎట్లా కూర్చున్నరో, చేతులు ఎక్కడ పెట్టిన్రో గమనించండి. అది ఉచిత పాఠం. డబ్బు లేకుంటే హాస్టల్ కిటికీ వెలుతురే స్టూడియో.

అనుమతి: చెల్లెళ్లు ఒప్పుకోనిదే వాళ్ల ఫోటో ఏ గ్రూపులోనూ పెట్టొద్దు. జనానా స్టూడియోకు ఉన్న మర్యాద మన వాట్సాప్‌కు లేకుంటే ఎట్లా?

ఆఖరుది, అన్నిటికన్నా ముఖ్యమైంది. ఒక్క ఫోటో అయినా ప్రింట్ తీయించండి. దీన్ దయాళ్ గాజు పలకలు నూరేండ్లు దాటి మిగిలినయ్, మన ఫోన్లు మూడేండ్లకు చెడిపోతున్నయ్. వెనుక పెన్నుతో పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీ, ఏం కావాలనుకుంటున్నరో ఒక్క లైన్ రాయండి. ఒక కాపీ అమ్మానాన్నకు, ఒక కాపీ బడికి. నూరేండ్ల తర్వాత మన పిల్లలు ఆ ఫోటో తిప్పి చూస్తే అక్కడ తెగ పేరు ఒక్కటే కాదు, మనిషి పేరు కూడా ఉండాలె.