లేని మెథడ్‌ను పిలిస్తే: రైల్స్‌కు ముందు కథ

వెబ్‌లో డైనమిక్ మెథడ్ల చరిత్ర అనగానే స్మాల్‌టాక్, రూబీ, రైల్స్ అని మూడు మెట్లు చెప్పి ముగిస్తారు. మొదటి రెంటితో పేచీ లేదు. స్మాల్‌టాక్-80లో ఆబ్జెక్టు తనకు తెలియని పిలుపు అందుకుంటే దాన్ని ‘డజ్ నాట్ అండర్‌స్టాండ్’ అనే మెథడ్‌కు అప్పగించేది. 1995లో వెలువడిన రూబీ దాన్నే ‘మెథడ్ మిస్సింగ్’ అంది. 2004లో రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్ వచ్చి వెబ్‌కు ఈ విద్య నేర్పిందన్న మూడో మాటే మింగుడుపడదు.

సీజీఐ స్క్రిప్టుల కాలాన్ని ఏలిన పెర్ల్‌లో ‘ఆటోలోడ్’ అప్పటికే ఉంది. నెక్స్ట్ కంపెనీ 1996లో తెచ్చిన వెబ్‌ఆబ్జెక్ట్స్, టెంప్లేటుకు కట్టిన పేరును బట్టి ఆబ్జెక్టివ్-సీ మెథడ్‌ను నడుస్తూనే వెతికి పిలిచేది. పైథాన్‌లో రాసిన జోప్ మరీ ముందుకెళ్లింది: యూఆర్‌ఎల్‌లోని ముక్కలను పట్టుకుని ఆబ్జెక్టు నుంచి ఆబ్జెక్టుకు దిగి, చివరి మెథడ్‌ను నడిపేది. అయితే డాక్‌స్ట్రింగ్ లేని మెథడ్‌నూ, అండర్‌స్కోర్‌తో మొదలయ్యేదాన్నీ బయటికి ఇచ్చేది కాదు. వివరణ వాక్యాన్ని కాపలా పెట్టడం వింతే గానీ, ప్రమాదం వాళ్లకు తెలుసు.

పేరును బట్టి మెథడ్‌ను వెతికే ఈ పద్ధతికి మూలం భాషల సొగసు కాదు, వెబ్ పని తీరేనని నా వాదన. ఫారం గడులు, టేబుల్ కాలమ్‌లు, యూఆర్‌ఎల్‌లు అన్నీ ప్రోగ్రాం నడిచేటప్పుడు ఉత్త పేర్లుగా వచ్చి పడతాయి. టైపుల పట్టింపున్న జావాకూ ఇది తప్పలేదు: జేఎస్‌పీలో ‘సెట్ ప్రాపర్టీ’కి నక్షత్రం గుర్తు పెడితే చాలు, ఫారంలోని పేర్లకు సరిపోయే సెటర్లన్నిటినీ అదే పిలిచేది. సెటర్లు ముందే రాసి ఉండాలి, నిజమే. ఏది పిలవాలన్నది మాత్రం వచ్చిన పేరే తేల్చేది. రైల్స్ ఘనత వేరే చోట ఉంది. కాలమ్ పేరు కలిపి ‘ఫైండ్ బై ఈమెయిల్’ అని రాస్తే పనిచేయడం చూసి జనం ముచ్చటపడ్డారు. పీహెచ్‌పీ 5 కూడా 2004లోనే, లేని మెథడ్ పిలుపును అందుకునే ‘కాల్’ మ్యాజిక్ మెథడ్‌తో వచ్చింది.

ఆ ముచ్చట ఎల్లకాలం నిలవలేదు. 2013లో రైల్స్ 4 ‘ఫైండ్ బై’ రకాన్ని ఉంచి మిగతా డైనమిక్ ఫైండర్లను వదిలించుకునే పని మొదలుపెట్టింది. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్ దారి వేరు. స్టాటిక్ పిలుపును అసలు ఆబ్జెక్టుకు అందించే దాని ఫసాడ్‌లు నేటికీ ‘కాల్ స్టాటిక్’ మీదే నడుస్తాయి. టెస్టుల్లో నకిలీ ఆబ్జెక్టు పెట్టుకోవడం సులువంటారు, కానీ ఆబ్జెక్టును కన్‌స్ట్రక్టర్ ద్వారా ఇచ్చినా ఆ వెసులుబాటు దొరుకుతుంది. కాలమ్ పేర్లు ముందు తెలియవు, అక్కడ ఈ మాయ అవసరమే. ఫసాడ్ మెథడ్ల పేర్లు అలా కాదు. ఎడిటర్లకు కనబడాలని లారవెల్ వాటన్నిటినీ తన ఫైళ్లలోనే కామెంట్లుగా వరసపెట్టి రాసుకుంది.