పద్నాలుగు మంది పరీక్ష రాయం అన్నారు.. రష్యా చిత్రకళ దారి మారింది!

ఒక్కసారి ఊహించుకోండి. ఫైనల్ ఇయర్. గెలిస్తే గోల్డ్ మెడల్, ఆపైన ప్రభుత్వ ఖర్చుతో కొన్నేళ్లు యూరప్. ఆ రోజు లేచి నిలబడి "మేం రాయం" అనగలరా? నేనైతే అనలేను.

1863 నవంబర్‌లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఇంపీరియల్ అకాడమీ ఆఫ్ ఆర్ట్స్‌లో, 14 మంది స్టూడెంట్స్ అన్నారు. పోటీకి ఇచ్చిన టాపిక్ ఏంటో తెలుసా? స్కాండినేవియా పురాణాల్లో ఓడిన్ దేవుడి విందు! బయటేమో, రెండేళ్ల కిందటే రైతుల వెట్టి బానిసత్వం రద్దయింది, దేశమంతా అదే చర్చ. మా టాపిక్ మేమే ఎంచుకుంటాం అన్నారు. కుదరదన్నారు. బయటికొచ్చేశారు. పోలీసులు నిఘా పెట్టారు.

సరే, ఆవేశం బాగుంది. మరి అద్దె ఎవరు కడతారు? ఇవాన్ క్రామ్‌స్కోయ్ లీడర్‌గా వీళ్లు "ఆర్టెల్" పెట్టుకున్నారు. అంటే కూలీలు కలిసి పని పట్టుకుని డబ్బు పంచుకునే పాత రష్యన్ పద్ధతి, మన ముఠా కార్మికుల్లాగా. ఒకే ఇల్లు, ఒకే వంట. పోర్ట్రెయిట్‌లు, చర్చి బొమ్మల ఆర్డర్లు. సంపాదనలో కొంత ఉమ్మడి ఖాతాకి.

1870లో ఏమైందంటే, ఒక సభ్యుడు మిగతావాళ్లకి చెప్పకుండా అకాడమీ డబ్బుతో విదేశం వెళ్లే ఏర్పాటు చేసుకున్నాడు. దేన్ని కాదని వచ్చారో సరిగ్గా అదే! క్రామ్‌స్కోయ్ నిలదీశాడు. మిగతావాళ్లు గట్టిగా నిలబడలేదు. ఆయనే వెళ్లిపోయాడు.

ఇక్కడ నేను చదవడం ఆపేశాను. బీటెక్ అయ్యాక మా రూమ్‌లో నలుగురం ఒక యాప్ మొదలుపెట్టాం. ఒకడు ఎవరికీ చెప్పకుండా ఆఫర్ లెటర్ తీసుకున్నాడు. ఆ ఒకడు నేనే.

కానీ కథ అక్కడ ఆగలేదు. అదే 1870లో మ్యాసోయెదోవ్, గే, పెరోవ్‌లతో కలిసి క్రామ్‌స్కోయ్ సంచార ప్రదర్శనల సంఘం పెట్టాడు. వీళ్లే పెరెద్విజ్నికి. ఈసారి ఒకే ఇల్లు లేదు. ఎవరి బతుకు వాళ్లది, రూల్స్ మాత్రం కాగితం మీద, టికెట్ డబ్బులో అందరికీ వాటా. 1871లో మొదటి ప్రదర్శన జరిగింది ఎక్కడో చెప్పనా? ఆ అకాడమీ బిల్డింగ్‌లోనే! తర్వాత మాస్కో, కీవ్, ఖార్కివ్. బొమ్మలే జనం దగ్గరికి వెళ్లాయి. త్రెత్యకోవ్ అనే వ్యాపారి కొన్నవి ఇప్పటికీ మాస్కోలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి.

ఈ సంఘం 1923 దాకా బతికింది. 1932లో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ ఒక్క తీర్మానంతో దేశంలోని కళాకారుల గుంపులన్నీ రద్దు చేసింది. ఇక ఒకే యూనియన్. గుంపుకి అంత భయపడ్డారంటే, దాని బలం వాళ్లకి తెలుసన్నమాట.

నాకర్థమైంది ఇదీ: స్నేహం ఉంటే గుంపు మొదలవుతుంది, రూల్ ఉంటేనే నిలుస్తుంది. ఆ ముగ్గురిలో ఎవరైనా ఇది చూస్తుంటే, సారీ రా. ఉంటాను మరి.